వాలంటీర్లతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడపడం ఎలా: పని ముక్క నుంచి తాళాల దాకా

జీతమిచ్చే చోట "రేపటికి కావాలి" అని చెప్పొచ్చు. ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్‌ని అందరికీ తెరిచి పెట్టి ఎవరైనా చేయి వేసేలా నడిపే ప్రాజెక్టుల్లో, ఆ మాట చెల్లదు. వచ్చినవాళ్ళు తమకి నచ్చిన పనిని, తీరిక దొరికినప్పుడు, అదీ మొదలుపెట్టడం తేలిగ్గా ఉంటేనే చేస్తారు. ప్రాజెక్టు బాధ్యత చూసే మెయింటెయినర్ చేతిలో నిజంగా ఉండేవి నాలుగే: ఏ పనిని ముక్కలు చేసి ముందు పెడతారు, ఎంత త్వరగా జవాబిస్తారు, దేనికి వద్దంటారు, ఎవరికి తాళాలు (అంటే కోడ్‌నీ ఖాతాల్నీ మార్చే హక్కులు) ఇస్తారు. వాట్సాప్ గ్రూపులో "ఫ్రెండ్స్, అందరూ యాక్టివ్‌గా ఉండండి" అని రోజూ పెట్టే మెసేజీకి ఈ జాబితాలో చోటు లేదు. అది పనిచేయదు కూడా.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. శ్రీకాకుళం, విజయనగరం కాంప్లెక్సుల నుంచి బయల్దేరే బస్సుల వేళల్ని నెట్ లేకపోయినా తెలుగులో చూపించే ఆండ్రాయిడ్ యాప్. మెయింటెయినర్లు ఇద్దరు, ఇద్దరూ ఉద్యోగస్తులే. చేయి వేయడానికి వచ్చేది ఎచ్చెర్ల, టెక్కలి, రాజాం, చింతలవలస వైపు చదువుకునే ఇంజనీరింగ్ విద్యార్థులు, హైదరాబాద్, బెంగళూరుల్లో స్థిరపడ్డ మన జిల్లాల వాళ్ళు కొందరు. మీ ప్రాజెక్టు వేరే ఏదైనా కావచ్చు, లెక్క మాత్రం ఇదే.

1. ముందు మీ గంటలు లెక్కేయండి

ఎంతమంది వస్తారన్నది రెండో ప్రశ్న. వారంలో మీరు రివ్యూకి (ఇతరులు పంపిన కోడ్‌ని చదివి చూడటానికి) ఎన్ని గంటలు ఇవ్వగలరన్నది మొదటిది. కొత్త మనిషి పంపిన మొదటి పుల్ రిక్వెస్టును ("నా మార్పుని కలుపుకోండి" అనే అభ్యర్థనని) చదవాలి, నడిపి చూడాలి, దిద్దుబాట్లు చెప్పాలి, మళ్ళీ చూడాలి. అంతా కలిపి రెండు గంటలు వేసుకోండి. ఇద్దరూ కలిసి వారానికి ఆరు గంటలు ఇవ్వగలిగితే, అందులో రెండు గంటలు పాతవాళ్ళ పనికీ రిలీజుకీ పోతాయి. మిగిలిన నాలుగు గంటల్లో ఒకేసారి ఇద్దరు కొత్తవాళ్ళని సరిగా చూసుకోవచ్చు. ముగ్గురైతే ఇరుకు.

ఈ లెక్క వేయకుండా చాలామంది చేసేది ఒకటుంది. కాలేజీ సెమినార్ హాల్లో అరవై మందితో వర్క్‌షాప్ పెట్టి, సాయంత్రానికి నలభై పుల్ రిక్వెస్టులు వచ్చాయని ఫొటోలు దిగుతారు. పై లెక్కన ఆ నలభైని చూడటానికి ఇరవై వారాలు పడుతుంది. ఈలోగా పంపినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రారు. అలసిపోయేది మీరు, చిన్నబుచ్చుకునేది వాళ్ళు. వర్క్‌షాప్ పెట్టాలనే ఉంటే ఎనిమిది మందితో పెట్టండి. ఇద్దరికి ఒక రివ్యూయర్ పక్కనే కూర్చోవాలి, పంపిన పుల్ రిక్వెస్టు అక్కడే మెర్జ్ కావాలి, అంటే అసలు కోడ్‌లో కలవాలి.

ఆలస్యమైన ప్రాజెక్టులోకి మనుషుల్ని పోస్తే ఇంకా ఆలస్యమవుతుందని కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు. కొత్తవాళ్ళకి నేర్పడానికి పాతవాళ్ళ సమయం పోతుంది. దానికి తోడు ఐదుగురి మధ్య మాటలు నడవాల్సిన జంటలు 10 అయితే, పన్నెండు మంది మధ్య 66. జనం రెట్టింపు కాస్త పైన పెరిగితే, మాటలు ఆరు రెట్లు దాటాయి. ఒకరితో ఒకరు అడక్కుండానే చేసుకోగలిగేలా పనిని ముక్కలు చేస్తేనే ఈ 66 మళ్ళీ తగ్గుతుంది.

2. "ఇది చేయం" అన్న పేజీ రాయండి

ప్రాజెక్టుని పరిచయం చేసే రీడ్‌మీ ఫైలులో అది ఏం చేస్తుందో అందరూ రాస్తారు. ఏం చేయదో రాసేవాళ్ళు తక్కువ. దిశ చూపేది ఈ రెండోదే. మన ఉదాహరణలో ఇలా ఉంటుంది: టికెట్ బుకింగ్ చేయం, బస్సు ఇప్పుడెక్కడుందో చూపించం, విశాఖ సిటీ బస్సులు పెట్టం, లాగిన్ అడగం. ఒక్కోదానికి ఒక వాక్యంలో కారణం. "లాగిన్ ఉంటే సర్వర్ కావాలి, సర్వర్‌కి నెలనెలా డబ్బు కావాలి, మన దగ్గర లేదు."

ఈ పేజీ లేకపోతే ఏమవుతుందంటే, ఒక ఉత్సాహవంతుడైన మూడో ఏడాది విద్యార్థి దసరా సెలవులన్నీ కూర్చుని లాగిన్, చాట్ రెండూ కట్టి తెస్తాడు. అప్పుడు వద్దనడం క్రూరత్వం, సరేననడం మూర్ఖత్వం. మొహమాటానికి పోయి మెర్జ్ చేస్తే ఆ కోడ్‌ని అతను వెళ్ళిపోయాక మోయాల్సింది మీరే. పని మొదలుకాకముందే "వద్దు" కనిపించేలా ఉంటే ఎవరి మనసూ కష్టపడదు.

అదే పేజీలో రాబోయే మూడు నెలలకి కావాల్సినవి మూడే మూడు రాయండి. పది రాస్తే ఏదీ రాయనట్టే.

3. గడప దగ్గర అడ్డాలు తీసేయండి

కొత్త మనిషి కోడ్ దించుకుని, నడిపి, ఒక అక్షరం మార్చి, ఆ మార్పుని తెర మీద చూసుకోవడానికి ఎంతసేపు పడుతోంది? పక్కనుండి చూడండి, నోరు విప్పకండి. అతను ఆగిన ప్రతి చోటూ సూచనల ఫైలులో లేని ఒక వాక్యం ఉంటుంది. గంట దాటితే సగంమంది అక్కడే ఆగిపోతారనుకోండి.

మన దగ్గర అసలు అడ్డం చాలాసార్లు తెలివి కాదు, డేటా. రోజుకి 1.5 జీబీ ఫోన్ ప్యాక్‌ని హాట్‌స్పాట్ పెట్టుకున్నవాళ్ళకి యాప్ తయారీకి కావాల్సిన ఆండ్రాయిడ్ స్టూడియో, ఎస్‌డీకే, గ్రేడిల్ లైబ్రరీలు అన్నీ దించుకోవడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఎమ్యులేటర్‌ని (ఫోన్‌ని అనుకరించే ప్రోగ్రాముని) 8 జీబీ ర్యామ్ లేని ల్యాప్‌టాప్ మీద నడపమనడం శిక్ష. కాబట్టి:

మొత్తం చరిత్రతో కాకుండా చివరి కమిట్‌తో (చివరిసారి నమోదైన మార్పుతో) మాత్రమే కోడ్‌ని క్లోన్ చేసుకునే, అంటే దించుకునే, కమాండ్ (డెప్త్ 1 పెట్టి) సూచనల్లో మొదటే ఇవ్వండి. దించుకున్న లైబ్రరీలుండే గ్రేడిల్ క్యాష్ ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లో పెట్టి కాలేజీలో ఒకరి దగ్గర ఉంచండి, దాన్ని కాపీ చేసుకుని ఆఫ్‌లైన్ మోడ్‌లో బిల్డ్ చేయొచ్చు. ఎమ్యులేటర్ బదులు సొంత ఫోన్‌ని కేబుల్‌తో కలిపి నడపడం రాయండి. ప్రతి పుల్ రిక్వెస్టుకీ ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్‌ని ఎక్కించే ఫైలు) దానంతటదే తయారయ్యేలా సీఐ (కోడ్ రాగానే ఇలాంటి పనుల్ని తనంతట చేసే ఏర్పాటు) పెట్టండి. అప్పుడు ల్యాప్‌టాప్ లేనివాళ్ళు కూడా ఫోన్‌లో దించుకుని పరీక్షించగలరు. ఇది చిన్న విషయం కాదు. పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు ఒత్తులు తెగిపోతున్నాయా, అక్షరం పెద్దది చేస్తే ఊరి పేరు బటన్ బయటికి పోతోందా అన్నది చూసేది వాళ్ళే.

ఇష్యూలు (ప్రాజెక్టు పేజీలో నమోదు చేసే బగ్గులు, పనులు) తెలుగులో రాయొచ్చని స్పష్టంగా చెప్పండి. ఇంగ్లీషు వాక్యం తప్పుపోతుందేమోనన్న బెరుకుతో బగ్ చెప్పకుండా ఊరుకునేవాళ్ళు చాలామంది. కోడ్‌లో పేర్లు, కమిట్ శీర్షికలు ఏ భాషలో ఉండాలో మాత్రం ఒక్కటే ఖాయం చేసుకోండి.

కోడ్‌ని ఎవరు ఎలా వాడొచ్చో చెప్పే లైసెన్స్‌ని మొదటి రోజే పెట్టండి. పదిమంది రాసిన తర్వాత మార్చాలంటే ఆ పదిమంది ఒప్పుకోవాలి, అందులో ముగ్గురి మెయిల్ అప్పటికి పనిచేయదు. "ఇది నేను రాసింది, ఇవ్వడానికి నాకు హక్కుంది" అని ప్రతి కమిట్‌లో సంతకం లాంటి వరుస పెట్టించే పద్ధతి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నెల్‌లో 2004 నుంచి ఉంది. అది చాలు, విడిగా ఒప్పంద పత్రాలు అక్కర్లేదు. బస్సు వేళల్ని ఇంకో వెబ్‌సైటు నుంచి ఎత్తి తేవద్దని, కాంప్లెక్స్‌కి వెళ్ళి బోర్డు చూసి తేదీతో రాయమని కూడా ఇక్కడే చెప్పండి.

ఇంకోటి. వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. ఆడపిల్లలు గ్రూపులో చేరి వారంలో బయటికి పోతున్నారంటే కారణం కోడ్ కాకపోవచ్చు. నంబరు దాచుకునే వీలున్న టెలిగ్రామ్ లాంటిది వాడండి. ప్రవర్తనా నియమావళి ఫైలు పెట్టి, ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఇద్దరి పేర్లు రాయండి. ఆ ఇద్దరిలో ఒక మహిళ ఉంటే మంచిది.

4. పనిని ముక్కలు చేయండి

ఈ గైడ్‌లో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. వాలంటీర్లు ఎటు వెళ్తారన్నది ఎక్కువగా ఇష్యూల జాబితానే తేలుస్తుంది.

"సెర్చ్ సరిగా పనిచేయట్లేదు." ఇది ఇష్యూ కాదు, ఫిర్యాదు. కొత్త మనిషి దీన్ని తెరిచి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూసేస్తాడు. లేదా సెర్చ్ మొత్తాన్నీ కొత్తగా రాసి 1500 వరుసల పుల్ రిక్వెస్టు పంపుతాడు. రెండూ మీకు పనికిరావు. అదే ఫిర్యాదుని కూర్చుని విడగొడితే మూడు వేర్వేరు పనులు బయటికొస్తాయి.

మొదటిది: "ఎస్‌కోట" అని టైప్ చేస్తే ఒక ఫోన్‌లో దొరుకుతోంది, ఇంకో ఫోన్‌లో దొరకట్లేదు. కారణం, స్ తర్వాత క ఒత్తుగా మారకుండా ఉండటానికి కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని పెడతాయి, కొన్ని పెట్టవు. చేయాల్సింది: పోల్చేముందు రెండు వైపులా ఆ గుర్తుని తీసేయడం. మార్చాల్సింది ఒక్క ఫైలు, ఒక్క ఫంక్షన్.

రెండోది: "పైడిభీమవరం" దొరకట్లేదు. యూనికోడ్‌లో (కంప్యూటర్‌లో అక్షరాలకి అంకెలిచ్చే పద్ధతిలో) ఐత్వం ఒకే గుర్తుగా ఉండొచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అని రెండుగానూ ఉండొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, కంప్యూటర్‌కి వేర్వేరు. చేయాల్సింది: సెర్చ్‌కి ముందు ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (రెండు రూపాల్నీ ఒకే రూపంలోకి మార్చడం) జరపడం.

మూడోది: "శ్రీకాకుళం రోడ్" అని కొట్టినవాళ్ళకి ఆమదాలవలస చూపించాలి, ఆ రైల్వే స్టేషన్ ఉన్నది అక్కడే కాబట్టి. "ఆముదాలవలస" అని రాసినా దొరకాలి. "ఎస్‌కోట" కొట్టినా, "శృంగవరపుకోట" కొట్టినా ఒకే ఊరు రావాలి. దీనికి కోడ్ రాయడం రానక్కర్లేదు. మారుపేర్ల ఫైలులో వరుసలు చేర్చాలి. ఫోన్‌లో బ్రౌజర్ నుంచే చేయొచ్చు. ఈ పనికి ఊళ్ళు తెలిసిన మనిషి కావాలి, ప్రోగ్రామర్ కాదు.

ఒక్కో ఇష్యూలో ఐదు ఉండాలి: ఇప్పుడేం జరుగుతోంది, ఏం జరగాలి, ఏ ఫైలులో చూడాలి, అయిందని ఎలా తెలుస్తుంది (నడపాల్సిన టెస్టు లేదా టైప్ చేసి చూడాల్సిన మాట), ఎవరిని అడగాలి. పరిమాణం కొత్తవాళ్ళకి రెండు నుంచి నాలుగు గంటలు. మీకు ఇరవై నిమిషాల్లో అయ్యే పని వాళ్ళకి దాదాపు అన్ని గంటలు పడుతుంది. ఇలాంటి ఇష్యూ రాయడానికి మీకు పట్టే అరగంటలో ఆ పని మీరే చేసేయొచ్చు, నిజమే. ఆ ఆశకి లొంగితే ఏడాది తర్వాత కూడా ప్రాజెక్టులో మీరిద్దరే ఉంటారు.

కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో "గుడ్ ఫస్ట్ ఇష్యూ" అనే లేబుల్ పెడితే కొత్తవాళ్ళకి ఆ పనులు విడిగా కనిపిస్తాయి. అలాంటివి ఎప్పుడూ ఐదారు తెరిచి ఉంచండి. ఇరవై పెడితే మీకు కావలసిన చోటు నుంచి జనం చెదిరిపోతారు. మీకు అవసరమైన దిక్కులోనే ఈ ఐదారూ ఉండాలి. సెర్చ్ బాగుపడాలంటే ఐదింటిలో నాలుగు సెర్చ్‌వే పెట్టండి. పొమ్మనకుండానే అందరూ అటు పోతారు. "అత్యవసరం" అన్న లేబుల్ ఉన్న పనిని మాత్రం కొత్తవాళ్ళకి పెట్టకండి. వాలంటీర్‌కి అత్యవసరం ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

మొదటి పని అయినవాళ్ళకి రెండోది కొంచెం పెద్దది కావాలి. మధ్య మెట్టు లేని ప్రాజెక్టులు చాలా ఉన్నాయి: ఒకవైపు అక్షర దోషాలు, ఇంకోవైపు డేటాబేస్ మార్చడం. మధ్యలో ఒకటి రెండు రోజుల పనులు మూడైనా రాసి పెట్టుకోండి. మొదటి పుల్ రిక్వెస్టు మెర్జ్ చేస్తూ అక్కడే "దీని పక్కదే ఇంకోటుంది, చూస్తావా?" అని లింకు ఇవ్వండి. రెండో పనికి వచ్చినవాళ్ళే నిలుస్తారు.

5. "నేను చేస్తాను" అన్న మాటకి గడువు

"నాకు ఇవ్వండి అన్నా, చేస్తాను" అని కామెంట్ పెట్టి మాయమయ్యేవాళ్ళు ఉంటారు. దురుద్దేశం కాదు. మిడ్ పరీక్షలు వచ్చాయో, ఇంట్లో పెళ్ళి వచ్చిందో, పని అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటమో. ఇబ్బందల్లా ఆ ఇష్యూని ఇంకెవరూ ముట్టుకోకపోవడమే.

నియమం రాసిపెట్టండి: తీసుకున్న పది రోజుల్లో సగం పనైనా డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్టుగా కనిపించాలి. లేకపోతే ఏడో రోజు ఒక పలకరింపు, పదో రోజు ఇష్యూ మళ్ళీ తెరుచుకుంటుంది. పలకరింపు ఇలా: "ఎక్కడైనా ఆగిందా? కుదరకపోతే వదిలేయొచ్చు, మళ్ళీ వచ్చినప్పుడు ఇంకోటి తీసుకోవచ్చు." నియమం అందరికీ ఒకటే కాబట్టి మీరు ఎవరినీ తప్పుపట్టినట్టు ఉండదు. ఒక మనిషికి ఒకసారి ఒకటే. ఐదు ఇష్యూలు ఒకేసారి అడిగినవాళ్ళకి మొదటిది అయ్యాకే రెండోది.

6. రివ్యూ

మొదటి జవాబు 48 గంటల్లోపు వెళ్ళాలి. పూర్తి రివ్యూ కానక్కర్లేదు: "చూశాను, ఆదివారం కూర్చుని చదువుతాను" అన్నా చాలు. ఆ ఆదివారం మాత్రం కూర్చోవాలి.

వ్యాఖ్యల్ని మూడు రకాలుగా గుర్తుపెట్టి రాయండి: తప్పనిసరి, సూచన, ప్రశ్న. ఇలా విడదీయకపోతే కొత్తవాళ్ళు అన్నిటినీ ఆజ్ఞలుగా తీసుకుంటారు. పదిహేను వ్యాఖ్యలు చూసి "నాకు రాదు" అనుకుంటారు, నిజానికి అందులో తప్పనిసరివి రెండే. స్పేసులు, వరుసలు, కామాలు మనిషి చెప్పకూడదు. అది కోడ్‌ని తీరుగా సర్దే ఫార్మాటర్ ప్రోగ్రాము పని, సీఐలో పెట్టేయండి. రెండు విడతల తర్వాత కూడా చిన్నవేవో మిగిలితే మీరే సరిచేసి, వాళ్ళ పేరు మీదే మెర్జ్ చేయండి.

మన దగ్గర రివ్యూకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. జూనియర్ సీనియర్ కోడ్‌లో తప్పు చూసినా చెప్పడు, "సర్ రాశారు కదా" అనుకుంటాడు. "అర్థమైందా?" అంటే అందరూ "అర్థమైంది సర్" అంటారు. అందుకని ప్రశ్న మార్చండి. "ఇందులో ఏ రెండు వరుసలు తీసేస్తే ఏం పాడవుతుందో చెప్పు" అంటే నిజం తెలుస్తుంది. మెయింటెయినర్ రాసిన కోడ్ కూడా ఇంకొకరి రివ్యూ లేకుండా మెర్జ్ కాకుండా బ్రాంచ్ ప్రొటెక్షన్ అనే సెట్టింగ్ పెట్టండి. మీ కోడ్‌ని జూనియర్‌తోనే ముందు రివ్యూ చేయించండి, కనీసం మూడు ప్రశ్నలు అడగాలని షరతు పెట్టండి. అన్నా అని పిలుస్తూనే తప్పు పట్టడం అలవాటవుతుంది.

పెద్ద పుల్ రిక్వెస్టు చెప్పకుండా వచ్చిందా? మొత్తం చదవకండి. "ఇందులో మూడు పనులున్నాయి. సెర్చ్ మార్పు మాకు కావాలి, దాన్ని విడిగా పంపండి, ఈ వారమే చూస్తాను" అనండి. వద్దనాల్సి వస్తే మొదటి రోజే అనండి: "దీని మీద పెట్టిన సమయానికి థాంక్స్. 'ఇది చేయం' పేజీలో లాగిన్ ఉంది, అందుకే మూసేస్తున్నాను. మీకు ఈ భాగం నచ్చితే పక్కనే ఈ ఇష్యూ ఉంది." మూడు వాక్యాలు, కారణం, ఇంకో దారి. నెలల తరబడి తెరిచి ఉంచడం మర్యాద అనుకుంటారు కొందరు. ఎదుటివాళ్ళకి అది నెలల తరబడి ఎదురుచూపు.

ఏఐతో రాయించి, చదవకుండా పంపేవి ఈమధ్య పెరిగాయి. ఏ సాధనం వాడారన్నది పట్టించుకోకండి. ప్రతి మార్పునీ సొంత మాటల్లో వివరించగలగాలి, పరీక్షించిన తెర బొమ్మ పెట్టాలి అని పుల్ రిక్వెస్టుతో నింపాల్సిన టెంప్లేట్‌లో అడగండి. రెండు ప్రశ్నలకి జవాబు రాకపోతే మూసేయండి.

7. సర్టిఫికెట్ల గురించి

విద్యార్థులు అడుగుతారు, అడగడంలో తప్పులేదు. ఇవ్వండి, కానీ లెక్క పెట్టి ఇవ్వకండి. ఇన్ని పుల్ రిక్వెస్టులకి ఒక బహుమతి అంటే ఏం వస్తుందో 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమం చూపించింది. టీ షర్టు కోసం రీడ్‌మీల్లో ఒక్కో మాట మార్చిన పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తాయి. చివరికి మేం పాల్గొంటాం అని చెప్పిన ప్రాజెక్టుల్లోవే లెక్కలోకి వచ్చేలా నిర్వాహకులు అప్పటికప్పుడు నియమం మార్చాల్సి వచ్చింది. మీరిచ్చే సర్టిఫికెట్‌లో సంఖ్య బదులు పని రాయండి: "ఊరి పేర్ల సెర్చ్‌లో యూనికోడ్ నార్మలైజేషన్ చేర్చారు, లింకు ఇది." ఇంటర్వ్యూలో పనికొచ్చేదీ అదే. పరీక్షించినవాళ్ళకి, వేళలు సేకరించినవాళ్ళకి కూడా ఇవ్వండి.

8. నిర్ణయాలు

చర్చ ఎక్కడైనా జరగనివ్వండి, టీ కొట్టు దగ్గరైనా సరే. నిర్ణయం మాత్రం ఇష్యూలో రాసిన తర్వాతే నిర్ణయం. చాట్‌లో రాత్రి పదకొండుకి తేలిన విషయం, పొద్దున్న పనికెళ్ళేవాళ్ళకి మూడొందల మెసేజీల కింద ఉంటుంది.

చిన్న గుంపుకి అపాచీ ఫౌండేషన్ (ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి నీడనిచ్చే సంస్థ) ప్రాజెక్టుల పద్ధతి బాగా సరిపోతుంది. ప్రతిపాదన రాసి 72 గంటలు ఆగుతారు. ఎవరూ అడ్డు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. మూడు రోజులు ఎందుకంటే వాలంటీర్లు వేర్వేరు చోట్ల, వేర్వేరు వేళల్లో పనిచేస్తారు. కోడ్ మార్పుని ఎవరైనా ఆపాలంటే సాంకేతిక కారణం చెప్పాలి, ఉత్త "నాకు నచ్చలేదు" చెల్లదు. అక్కడ రిలీజుకి మాత్రం కనీసం మూడు అనుకూల ఓట్లు కావాలి. మీకు ముగ్గురు లేకపోతే ఇద్దరు పెట్టుకోండి. ఒక్కరితో మాత్రం వద్దు.

అన్నీ ఒక్క మనిషి తేల్చే పద్ధతి మొదట్లో వేగంగా ఉంటుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష చాలా ఏళ్ళు అలాగే నడిచింది. 2018 జులైలో దాని సృష్టికర్త గైడో వాన్ రోసమ్ ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాక, ఎలా నడవాలో తేల్చుకోవడానికే నెలలు పట్టింది. 2019లో ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ ఎన్నికైంది. అంత పెద్ద ప్రాజెక్టుకి తట్టుకునే బలం ఉంది. మీ యాప్‌కి ఉండదు. ఇద్దరికీ పడనప్పుడు ఎవరి మాట చివరిదో ఇప్పుడే, గొడవ లేనప్పుడే రాసుకోండి.

9. రిలీజు తేదీ, మన క్యాలెండరు

"ఇవన్నీ అయ్యాక రిలీజు" అంటే ఎప్పటికీ అవ్వదు. తేదీ ఖాయం చేయండి. అప్పటికి సిద్ధమైనవి వెళ్తాయి, మిగిలినవి తర్వాతి దానికి. లినక్స్ కెర్నెల్ నడిచేది ఇలాగే: రెండు వారాలు కొత్త మార్పులు తీసుకుంటారు, తర్వాత ఏడెనిమిది వారాలు దిద్దుబాట్లే, మొత్తం తొమ్మిది పది వారాలకో వెర్షన్. చిన్న యాప్‌కి మూడు నెలలకోసారి చాలు. చివరి వారం కొత్తవి ఆపేసి పరీక్షలే.

తేదీలు వేసేటప్పుడు గోడ క్యాలెండరు పక్కన పెట్టుకోండి. సంక్రాంతి ముందు వారం, తర్వాత వారం లెక్కలోకి తీసుకోకండి. అయితే బయట ఊళ్ళలో ఉన్నవాళ్ళంతా ఇంటికొచ్చేది అప్పుడే, కనుమ తర్వాత ఒక పూట కలిసి కూర్చోవడానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. సెమిస్టర్ పరీక్షల నెలలో కొత్తవాళ్ళని తీసుకోకండి. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం, విజయనగరంలో ఆ వారం ఎవరూ కోడ్ తెరవరు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కూడా. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తర్వాత కరెంటు, సిగ్నలు తిరిగి రావడానికి చాలా ఊళ్ళకి రోజులు పట్టింది. అక్టోబరులో రిలీజు బటన్ నొక్కే హక్కు ఈ జిల్లాల బయట ఉన్న ఒకరికి కూడా ఉండాలి.

10. తాళాలు ఇవ్వడం

నాలుగైదు మంచి పుల్ రిక్వెస్టులు, ఇతరుల పనికి రెండు మూడు సరైన రివ్యూలు, తప్పు దొరికినప్పుడు వాదించకుండా దిద్దుకోవడం. ఈ మూడూ చూశాక ఇష్యూలకి లేబుళ్ళు పెట్టే హక్కు ఇవ్వండి. రెండు మూడు నెలల తర్వాత మెర్జ్ హక్కు. సైనింగ్ కీ (యాప్ మీరు చేసిందేనని రుజువు చేసే డిజిటల్ సంతకపు తాళం), స్టోర్ ఖాతా చివరన. పైకి వెళ్ళే కొద్దీ నెమ్మది.

ఎందుకంత నెమ్మది అంటే ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్ళని కుదించే ఓపెన్ సోర్స్ సాధనం) కథ చూడండి. అలసిపోయిన ఒంటరి మెయింటెయినర్ మీద ముక్కూముఖం తెలియని ఖాతాలు "ఇంకొకరికి అప్పగించు" అని ఒత్తిడి తెచ్చాయి. రెండేళ్ళకి పైగా ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించిన సహ మెయింటెయినర్ పేరుతోనే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ దారి వచ్చింది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఎస్ఎస్‌హెచ్ లాగిన్ (దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్ళే దారి) సుమారు అర సెకను ఆలస్యమవుతోందని వెతికితే బయటపడింది. బస్సు యాప్ మీద అంత కుట్ర ఎవరూ పన్నరనుకోండి. అయినా ఎవరి ఒత్తిడికీ తాళాలు ఇవ్వకూడదు. తాళం ఒకరి దగ్గరే ఉండటమూ తప్పే.

ఒక కాగితం మీద రాయండి: రెపో (కోడ్ ఉండే చోటు) యజమాని ఖాతా, డొమైన్, మెయిల్, ప్లే స్టోర్ ఖాతా, సైనింగ్ కీ. ఒక్కోదానికి ఎదురుగా ఇద్దరి పేర్లు ఉండాలి. ఎక్కడైనా ఒకటే పేరు ఉంటే ఈ వారం చేయాల్సిన పని అదే. ఏపీకే సైనింగ్ కీ పోతే పాత యాప్ మీద అప్‌డేట్ ఎక్కదు, అందరూ తీసేసి మళ్ళీ పెట్టుకోవాలి. ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లకి 2021 ఆగస్టు నుంచి ప్లే యాప్ సైనింగ్ (సైనింగ్ కీని గూగులే దాచే పద్ధతి) తప్పనిసరి, అందులో మీ దగ్గరుండే అప్‌లోడ్ కీ పోయినా కొత్తది పెట్టించుకోవచ్చు. రెపోని ఒక మనిషి సొంత ఖాతాలో కాక ఆర్గనైజేషన్ ఖాతాలో ఉంచండి. అందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి.

11. వెళ్ళిపోయేవాళ్ళు

నాలుగో ఏడాది విద్యార్థికి ఉద్యోగం వచ్చిందంటే మూడు నెలల్లో అతని చేతి పని ఆగుతుందని రాసిపెట్టుకోండి. ఆఫర్ లెటర్ వచ్చిన రోజే అభినందించి, "నీ దగ్గరున్న వాటిల్లో ఏవి ఎవరికి?" అని అడగండి. అతను చూసే ప్రతి భాగానికీ ఒక పేజీ: ఎలా నడుస్తుంది, తరచూ ఏం పాడవుతుంది, పాడైతే మొదట ఎక్కడ చూడాలి. ఆ పేజీని అతను రాయకూడదు. తర్వాత తీసుకునే జూనియర్ అడిగి రాయాలి, అతను దిద్దాలి. ఎరిగినవాళ్ళు రాస్తే వాళ్ళకి తెలిసినవన్నీ వదిలేస్తారు.

ఆర్నెల్లు కదలిక లేని మెయింటెయినర్ హక్కుల్ని తీసి, పేరుని "పూర్వ మెయింటెయినర్లు" జాబితాలోకి మార్చే నియమం ముందే ఉండాలి. తిరిగొస్తే అడిగిన రోజే మళ్ళీ ఇస్తామని అందులోనే రాయండి. లేకపోతే తీసిన రోజు మనసు నొచ్చుకుంటుంది.

తీసుకునేవాళ్ళు ఎవరూ దొరకలేదా? డెబియన్ అనే లినక్స్ వ్యవస్థలో చూసేవాళ్ళు లేని ప్యాకేజీని అనాథగా ప్రకటిస్తారు, కావలసినవాళ్ళు దత్తత తీసుకుంటారు. మీరూ రీడ్‌మీ మొదటి వరుసలో "మెయింటెయినర్ కావాలి" అని తేదీతో పెట్టండి. మూడు నెలలు చూడండి. అప్పటికీ ఎవరూ రాకపోతే యాప్ మొదటి తెర మీద "ఈ వేళలు ఈ తేదీ నాటివి, ఇక మారవు" అన్న వాక్యంతో చివరి రిలీజు చేసి, రెపోని ఆర్కైవ్ చేయండి, అంటే ఇక చదవడానికి మాత్రమే ఉండేలా మార్చండి. ఆర్కైవ్ చేసేముందు తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులకి ఒక్కో జవాబు రాయండి, తర్వాత రాయడానికి కుదరదు.